కాపీల లెక్క మచ్చ దగ్గరే మొదలుకావాలి



నోటి క్యాన్సర్ మీద సదస్సు విశాఖపట్నంలో జరగడం ఎంతో సబబు. ఇక్కడి నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంబడి ఊళ్లలో చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరతరాలుగా ఉంది. పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. అడ్డపొగ కాల్చేవారి అంగిలిని టార్చి వెలుగులో చూసినవాళ్లు మరిచిపోలేరు. పొర తెల్లగా దళసరెక్కి ఉంటుంది. దాని మధ్య చిన్న లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. ఒక్కోచోట మానని పుండు ఉంటుంది.

ఆ పొరలోని కణంలో ఏం జరుగుతుంది? మామూలు కణంలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కొన్ని క్యాన్సర్ కణాల్లో ఒక చిన్న ముక్క మాత్రం పదులకొద్దీ కాపీలుగా పెరిగిపోతుంది. దీన్నే యాంప్లిఫికేషన్ అంటాం. నోటి క్యాన్సర్‌లో ఈ ముక్క ఎక్కువసార్లు 11వ క్రోమోజోములో 11క్యూ13 అనే చోట ఉంటుంది. సైక్లిన్ డి1 జన్యువు అక్కడిదే. ఆ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ సీడీకే4, సీడీకే6 ఎంజైములతో జతకట్టి, కణ విభజనకు అడ్డుగా నిలిచే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనిచెయ్యనివ్వదు. సైక్లిన్ మోతాదు మించితే విభజనకు పగ్గాలుండవు.

జన్యువులను రంగు చుక్కలుగా చూపే ఫిష్ పరీక్షలో ఈ కాపీల పెరుగుదలను కళ్లారా చూడొచ్చు. నీలం రంగు కేంద్రకంలో 11వ క్రోమోజోము నడుమకు గుర్తుగా రెండు ఎర్ర చుక్కలు, వాటి పక్కన సైక్లిన్ డి1కు గుర్తుగా ఆకుపచ్చ చుక్కల గుంపు. ఒక్కోసారి ఆ గుంపును లెక్కపెట్టలేం, ఒకదాని మీద ఒకటి పడి ముద్దలా ఉంటాయి.

ఆ ముద్ద ఎలా ఏర్పడుతుందన్నదానికి ఆధారం మొక్కజొన్నలో దొరికింది. తెగిన క్రోమోజోముల కొసలు ఒకదానికొకటి అతుక్కుంటాయని, కణం విడిపోయేటప్పుడు రెండు వైపులా లాగబడి మళ్లీ తెగుతాయని 1930ల చివర్లో బార్బరా మెక్‌క్లింటాక్ గమనించారు. రెండు పక్కలా లాగిన తాడు సరిగ్గా నడిమికే తెగాలని లేదు కదా. ఒక పిల్లకణానికి ఎక్కువ ముక్క, ఇంకొకదానికి తక్కువ ముక్క వస్తాయి. తరం తర్వాత తరం ఇదే జరిగితే కాపీలు పేరుకుంటాయి. నోటి క్యాన్సర్ కణాల్లో 11క్యూ13 ఇదే దారిలో పెరుగుతుందని పిట్స్‌బర్గ్‌లో సూజన్ గొలిన్ బృందం చూపింది.

ఇక్కడ మన భీమవరం బిడ్డను తలచుకోకుండా ముందుకు పోలేను. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన 1948లో కన్నుమూశారు. సరిగ్గా ముప్పై ఏళ్లకు, 1978లో, ఆ మందుకు లొంగని కణాలను స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం పరిశీలించింది. మందు ఏ ఎంజైమును అడ్డుకుంటుందో దాని జన్యువునే ఆ కణాలు అనేక కాపీలు చేసుకున్నాయి. క్షీరదాల కణాల్లో యాంప్లిఫికేషన్ గట్టిగా రుజువైంది అలా. అదే మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదు మాత్రగా, సెలెకాక్సిబ్‌తో కలిపి, ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో టాటా మెమోరియల్ వైద్యులు వాడి చూశారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల్లో రోగుల మధ్యస్థ జీవితకాలం 7.5 నెలలు. నరంలోకి ఎక్కించే సిస్‌ప్లాటిన్‌తో అది 6.1 నెలలు. తేడా చిన్నదే. కానీ మాత్ర చవక, ఇంట్లోనే వేసుకోవచ్చు, దుష్ప్రభావాలూ తక్కువ. పేదవాడికి అదేమీ చిన్న విషయం కాదు.

రొమ్ము క్యాన్సర్‌లో హర్2 కాపీలు లెక్కపెట్టి మందు నిర్ణయిస్తున్నాం. నోటి క్యాన్సర్‌లో ఆ స్థితికి ఇంకా చేరలేదు. ఈజీఎఫ్‌ఆర్ జన్యువు కూడా కొన్ని కణితుల్లో పెరుగుతుంది, దాన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్ మందూ ఉంది. అయినా కాపీల సంఖ్యను బట్టి అది ఎవరికి పనిచేస్తుందో చెప్పలేకపోతున్నాం. 11క్యూ13లో సైక్లిన్ ఒంటరిగా పెరగదు. ఫ్యాడ్, కార్టాక్టిన్ వంటి పొరుగు జన్యువులూ దానితో పాటే పెరుగుతాయి. ఒక్కదాన్ని కట్టడి చేస్తే మిగతావి ఊరుకుంటాయన్న భరోసా లేదు.

కాబట్టి మందు కంటే ముందు నోటిలోని తెల్ల మచ్చ వైపు చూడమని నా మనవి. తెల్ల మచ్చలన్నీ క్యాన్సర్ కావు, కొన్నే అవుతాయి. ఏవి అవుతాయో మైక్రోస్కోపు ఒక్కటే చెప్పలేదు. 11క్యూ13 కాపీలు పెరగడం కొన్ని మచ్చల్లో క్యాన్సర్‌కు ముందే కనిపిస్తోంది. ఇది మన చేతికందిన ఆనవాలు, దీన్ని వదులుకోకూడదు. 2015 నాటి టీసీజీఏ (క్యాన్సర్ జీనోమ్ అట్లాస్) అధ్యయనంలో, హెచ్‌పీవీ వైరస్ లేని తల, మెడ కణితుల్లో సుమారు మూడో వంతులో సైక్లిన్ డి1 కాపీలు పెరిగాయి. ఆ కణితులు ఎక్కువగా అమెరికా రోగులవి. 2013లో మన దేశ బృందం వెలువరించిన జన్యు అధ్యయనం బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్ల మీద చేసింది. వైఏపీ1, డ్రోషా కాపీలు పెరగడం అందులో తేలింది. గుట్కా, ఖైనీ నమిలేవారికి అది గొప్ప మేలు. అడ్డపొగ కాల్చే అవ్వల అంగిలి దాని పరిధిలోకి రాలేదు. ఆ పని ఇంకెవరో వచ్చి చెయ్యరు, మనమే చెయ్యాలి.

మన దంత వైద్య కళాశాలల పెథాలజీ విభాగాల్లో ఏళ్ల తరబడి తీసిన బయాప్సీల మైనపు బ్లాకులు బీరువాల్లో ఉన్నాయి. హర్2 కోసం ఫిష్ చేసే ప్రయోగశాలలు మన నగరాల్లో ఉన్నాయి. మచ్చ దశలో తీసిన పాత బ్లాకులను, తర్వాత ఆ రోగికి ఏమైందన్న సమాచారాన్ని ఒకచోట చేర్చి, నైతిక సంఘాల అనుమతితో 11క్యూ13 లెక్క తీద్దాం. మధ్యాహ్నం కార్యవర్గంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. ముందుకొచ్చే విభాగాలు బ్లాకుల జాబితా పంపండి. అందులో రోగి అలవాటు, ఎన్నాళ్లుగా ఉందన్నది, మచ్చ ఉన్న చోటు, చివరిసారి చూసిన తేదీ తప్పక రాయండి.