జూలియన్ బాండ్: ఒక శాసనసభ్యుని కథ

అమెరికాలోని ఒక రాష్ట్ర శాసనసభ్యుని కథను నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము. నల్లజాతివారి హక్కుల ఉద్యమమున పనిచేసిన జూలియన్ బాండ్ 1965లో, ఇరువదియైదేండ్ల వయస్సున, అట్లాంటా నుండి జార్జియా ప్రతినిధుల సభకు ఎన్నికైరి. వియత్నాం యుద్ధమును ఖండించిన ప్రకటనను సమర్థించినవారి ప్రమాణము నమ్మదగదని యెంచి, 1966 జనవరి 10న సభ 184–12 ఓట్లతో వారికి స్థానము నిరాకరించినది. ఓటర్లు చలింపలేదు, ఆ యేడే మరి రెండు మారులు వారినే గెలిపించిరి. డిసెంబరు 5న అమెరికా సుప్రీంకోర్టు, శాసనసభ్యునికిని వాక్స్వాతంత్ర్యము కలదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 1967లో సభలో కూర్చున్న బాండ్ 1987 వరకు ఉభయ సభలలో సేవచేసి, 2015లో కీర్తిశేషులైరి. ప్రతినిధి నోరు మూసినచో, మూగవోవువారు అతనిని పంపిన ప్రజలే యని ఈ చరిత్ర వలన మనము గ్రహింపవలెను.