అడవి అంచు బడిలో ఇంగ్లీషు పాఠం ఎవరు చెప్పాలి?

(భద్రాచలంలో డిగ్రీ, బి.ఎడ్. విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లీషు ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లే మార్గాలేమిటో చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. మార్గాలు చెప్పే ముందు ఒక అనుభవం చెప్పుకుంటాను. ముప్పై యేళ్ల కిందటి మాట. ఎం.ఏ. ఇంగ్లీషు, ఆపైన బి.ఎడ్. పూర్తిచేసి ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలకు వెళ్లాను. అక్కడి పెద్దమనిషి దరఖాస్తు మీద నా పేరు చూసి, పత్రాలు తెరవకుండానే, "మా దగ్గర ఉర్దూ పోస్టు లేదండీ సాయిబుగారూ" అన్నారు. నేను వచ్చింది ఇంగ్లీషు పోస్టుకని చెప్పాను. ఆయన నవ్వారు. చెడ్డవారేమీ కారు, టీ తెప్పించి తాగించి మరీ పంపించారు. ముస్లిం పేరున్నవాడు బడి గుమ్మం ఎక్కితే ఉర్దూ చెప్పడానికే ఎక్కుతాడన్న తలపు ఆయన ఒక్కరిదీ కాదు. అందులో రెండో పొరపాటు కూడా ఉంది. ముస్లింలందరి ఇంటి భాషా ఉర్దూయే అనుకోవడం. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలలో తరతరాలుగా ఇంటి మాట తెలుగే.

ఈ ప్రాంతంలో మన పిల్లవాడి నాలుక ఎన్ని భాషలలో తిరుగుతుందో ఒకసారి గమనించండి. ఇంట్లో దక్కనీ. వీధిలో తెలుగు. మదర్సాలో అరబీ అక్షరాలు. మా నాన్నగారు దుమ్ముగూడెం, చర్ల వైపు వారపు సంతలలో గాజులు, అద్దాలు అమ్మేవారు. కోయ ఆడపడుచులతో కోయ భాషలోనే బేరమాడేవారు. ఆయనకు సంతకం తప్ప రాత రాదు. నాలుగు భాషలలో లెక్క తప్పకుండా వ్యాపారం చేసిన ఆ మనిషిని చదువులేనివాడనేవారు. మన పుస్తకాలలో ఇంగ్లీషును ద్వితీయ భాష అంటారు. ఇక్కడి పిల్లలకు అది మూడోదో, నాలుగోదో. కొత్త భాష అంటే మన పిల్లలకు భయం ఉండవలసిన పని లేదు. మన వెనుకబాటు భాషలో లేదు, సమాచారంలో ఉంది. ఏ సంవత్సరంలో ఏ నిర్ణయం తీసుకోవాలో చెప్పేవారు ఇంట్లో లేకపోవడమే మన అసలు నష్టం.

ఆ నష్టం ఎలా జరుగుతుందో చెబుతాను. నాకు తెలిసిన ఒక అమ్మాయి పదో తరగతి నుంచే ఇంగ్లీషు టీచరు కావాలనుకున్నది. డిగ్రీలో చరిత్ర, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలన తీసుకున్నది. కళాశాల దగ్గరగా ఉందని, స్నేహితురాళ్లు అవే తీసుకున్నారని, అంతకు మించి కారణం లేదు. మూడేళ్లు చదివి, బి.ఎడ్. కౌన్సెలింగుకు వెళ్లినప్పుడు తెలిసింది, తనకు ఇంగ్లీషు మెథడాలజీకి అర్హత లేదని. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు డిగ్రీలో ఆధునిక సాహిత్యంగానో, స్పెషల్ ఇంగ్లీషుగానో ఇంగ్లీషును ఒక ఐచ్ఛిక విషయంగా చదివి ఉండాలి. లేదా ఎం.ఏ. ఇంగ్లీషు ఉండాలి. దానిపై ఇంగ్లీషు మెథడాలజీతో బి.ఎడ్. కావాలి. ప్రతి డిగ్రీలోనూ ఉండే జనరల్ ఇంగ్లీషు పేపరు ఇందుకు పనికిరాదు. పద్దెనిమిదేళ్ల వయసులో దోస్త్ దరఖాస్తులో ఆప్షన్లు పెట్టే ఆ పది నిమిషాలలోనే ఈ తలుపు తెరుచుకోవడమో, మూసుకోవడమో జరిగిపోతున్నది. ఇంటర్ చదువుతున్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఈ ఒక్క మాట గుర్తుంచుకుని వెళ్లినా నేను వచ్చిన పని అయినట్లే.

తలుపు మూసుకున్నవారు కూడా నిరాశపడవద్దు. ఆ అమ్మాయి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు చేసి, ఆ తరువాత బి.ఎడ్.కు వెళ్లింది. రెండేళ్లు ఆలస్యమైంది. ఆ రెండేళ్లలో వచ్చిన పెళ్లి సంబంధాలను ఆపినందుకు వాళ్ల అమ్మగారు బంధువుల నోట పడ్డారు. ఆ తల్లి ఇక్కడికి రాలేదు. వస్తే ముందు ఆమెనే మాట్లాడమనేవాడిని.

ప్రాథమిక పాఠశాలకు దారి వేరు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బి.ఎడ్. వారికి ఎస్జీటీ పోస్టులకు అర్హత లేదని తేలిపోయింది. ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పాలంటే ఇంటర్ తరువాత డి.ఎల్.ఎడ్. చేయాలి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది గనుక ఇప్పుడు ఎస్జీటీ కూడా ఇంగ్లీషు ఉపాధ్యాయుడే. నన్నడిగితే అతడి పనే అందరికంటే కష్టం. ఉర్దూ చదవడం, రాయడం వచ్చినవారికి 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలో ఈ రెండు కోర్సులూ ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడితే చాలదు, లిపి రావాలి.

ఇక టెట్. ఉన్నత తరగతులకు రెండో పేపరు, 150 మార్కులు. బీసీలకు ఉత్తీర్ణత 75 దగ్గర, జనరల్ వారికి 90 దగ్గర. ఇందులో ఒక విచిత్రముంది. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు కాబోయేవాడికి ఆ పేపరులో ఇంగ్లీషు 30 మార్కులే. 60 మార్కులు గణితం-సైన్సులోనో, సాంఘికశాస్త్రంలోనో రాయాలి. షేక్స్‌పియర్ చదివినవాడు శాతవాహనులలో తప్పుతున్నాడు. అన్యాయమని ఎన్నోసార్లు విన్నవించారు. విన్నపాలు సాగనివ్వండి, మీరు మాత్రం ఆరు నుంచి పదో తరగతి వరకు సాంఘికశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని చదవండి. ఉర్దూ మాధ్యమంలోనో, ఉర్దూ మొదటి భాషగానో చదివినవారు టెట్‌లో మొదటి భాషగా ఉర్దూనే ఎంచుకోవచ్చు. ఈ సంగతి తెలియక తెలుగు పేపరులో మార్కులు పోగొట్టుకున్నవారిని చూశాను.

మైనారిటీ పాఠశాలలలో పనిచేస్తున్నవారు టెట్ తమకు అవసరం లేదంటున్నారు. 2025 సెప్టెంబరు 1 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలన్నది. మైనారిటీ సంస్థల విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చిన హక్కు కోసం న్యాయస్థానంలో వాదించవలసిందే. అయితే ఆ వాదనను నమ్ముకుని పరీక్ష రాయకుండా కూర్చోవడం వివేకం కాదు. హక్కు సంస్థది, ఉద్యోగం మీది.

డీఎస్సీ సంగతికి వస్తే, 2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు ప్రకటన వచ్చింది. టెట్ నుంచి 20, పరీక్ష నుంచి 80 మార్కులు కలిపి ర్యాంకు వేశారు. మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు చేరాయి. వాటి బోధన అంతా ఇంగ్లీషులోనే. గురుకుల నియామక మండలి ప్రకటనలు డీఎస్సీకి వేరుగా వస్తాయి. రెండింటినీ గమనిస్తూ ఉండాలి. గల్ఫ్ పాఠశాలల గురించి అడిగేవారున్నారు. అక్కడ కూడా మంచి బడులు డిగ్రీ, బి.ఎడ్., అనుభవం అడుగుతాయి. కేంబ్రిడ్జి వారి సెల్టా వంటి గుర్తింపు ఉన్న శిక్షణకు విలువ ఉంది. అందులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పి చూపించాలి. ఫోనులో వారం రోజులు వీడియోలు చూసి కొనుక్కునే సర్టిఫికెట్లకు డీఎస్సీలో ఒక్క మార్కు కూడా రాదు.

చదువంతా అయ్యాక చాలామంది ఆగిపోయేది పత్రాల దగ్గర. పదో తరగతి మెమోలో ఎస్.కె. అని, ఆధార్‌లో షేక్ అని, పెళ్లయ్యాక మరో కార్డులో బేగం అని ఉంటుంది. ముగ్గురూ ఒకరేనని నిరూపించుకోవడానికి అమ్మాయిలు పడే అవస్థ నేను చూశాను. కుల ధ్రువపత్రం మరో చిక్కు. 2007 నుంచి ఉన్న నాలుగు శాతం బీసీ-ఇ కోటాలో షేక్, అత్తర్, ఫకీర్, లబ్బై వంటి సమూహాలున్నాయి. దూదేకులవారు బీసీ-బి. వారిలోనూ షేక్ అని రాసుకునేవారు ఉండడంతో ఒకరి పత్రం మరొకరి గుంపులో పడుతున్నది. సయ్యదులు, పఠాన్లు ఈ కోటాలో లేరు. వారు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటాకు అర్హులేమో చూసుకోవాలి. ఇక స్థానికత. ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్నదే దానికి ఆధారం. మొదటి నాలుగేళ్లు గుర్తింపు లేని మదర్సాలో గడిపిన పిల్లవాడికి స్టడీ సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఆ ఏళ్లకు నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ప్రకటన వచ్చాక పరుగెత్తడం కన్నా ఇప్పుడే తెచ్చుకోవడం మేలు. ఎటపాక నుంచి వచ్చినవారు చేతులెత్తుతున్నారు. 2014లో గీసిన గీతతో మీరు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లారు. బజారు ఇక్కడ, డీఎస్సీ అక్కడ. 2025లో అక్కడ 16,347 పోస్టులకు ప్రకటన వచ్చింది. మీ స్థానికత ఏ వైపు తేలుతుందో పత్రాలు ముందు పెట్టుకుని చూడాలి గానీ, ఊహతో దరఖాస్తు చేయవద్దు.

ఇప్పటిదాకా చెప్పింది ఉద్యోగానికి దారి. డీఎస్సీ పరీక్షలో ఎక్కడా అభ్యర్థిని నోరు తెరిచి నాలుగు ఇంగ్లీషు వాక్యాలు మాట్లాడమని అడగరు. అన్నీ గుర్తులు పెట్టే ప్రశ్నలే. అందువల్ల మాట్లాడలేని ఇంగ్లీషు ఉపాధ్యాయులు తయారయ్యారు. మొదటి ఐదేళ్లు నేనూ వారిలో ఒకడినే. గ్రామరు సూత్రాలు బోర్డు మీద రాసి, అప్పజెప్పనివారిని నిలబెట్టేవాడిని. నా తరగతిలో ఒక కోయ పిల్లవాడు సంవత్సరమంతా పెదవి విప్పలేదు. మొద్దు అనుకున్నాను. ఒకరోజు సంతలో వాళ్ల అమ్మతో కోయలో గలగలా మాట్లాడుతూ కనిపించాడు. నన్ను చూసి మాట ఆపేశాడు. ఆ క్షణం నాకింకా గుర్తుంది. పిల్లవాడి నోరు మూయించినది నేనే.

ఆ తరువాతే చదువుకున్నాను. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలలలో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం వరుసగా చెప్పడం మాని, పటం చూసి దారి చెప్పడం, రైళ్ల వేళల పట్టిక చూసి ప్రశ్నకు జవాబు తేల్చడం వంటి పనులు పిల్లలకిచ్చారు. మనసు పని మీద ఉంటే భాష దానంతట అదే పట్టుబడుతుందని ఆయన భావన. నేను భద్రాచలం బస్టాండులోని బస్సుల వేళలు రాసుకొచ్చి, మణుగూరు వెళ్లాలంటే ఏ బస్సు ఎక్కాలో ఇంగ్లీషులో తేల్చమన్నాను. ఆ రోజు తరగతిలో గొడవ గొడవ. తప్పుల ఇంగ్లీషే, కానీ ఇంగ్లీషే. ఇలాంటివి పద్ధతిగా నేర్చుకోదలచినవారికి హైదరాబాదులో ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసమే పుట్టిన సంస్థ అది. ఇంగ్లీషు బోధనలో దూరవిద్య కోర్సులు కూడా నడుపుతున్నది. బి.ఎడ్.కు అవి ప్రత్యామ్నాయం కావు, పనిలో ఉన్నవారికి మాత్రం బలం.

పిల్లల తప్పులను కూడా వినడం నేర్చుకోవాలి. ఉర్దూ ఇంటి పిల్లవాడు వాళ్ల అమ్మను 'హీ' అంటాడు. ఉర్దూలో అతడికీ ఆమెకీ 'వో' ఒక్కటే. వాడే 'ఇస్కూల్' అంటాడు, పక్కనున్న తెలుగు పిల్లవాడు 'స్కూలు' అని చివర ఉకారం తగిలిస్తాడు. తెలుగు పిల్లవాడికి 'జూ' అనే మాటలో మొదటి ధ్వని కష్టం; ఉర్దూ పిల్లవాడికి అది ఉగ్గుపాలతోనే వచ్చింది. 'ఫీవర్ కేమ్ టు మీ' అన్న పిల్లకు ఇంగ్లీషు రాదనకండి, ఆమె తెలుగు బాగా వచ్చినపిల్ల. ఇవన్నీ ఇంటి భాషల ఆనవాళ్లు. ఎక్కడి నుంచి వచ్చిన తప్పో తెలిసిన ఉపాధ్యాయుడు దాన్ని సులువుగా దిద్దగలడు. రెండు మూడు ఇంటి భాషలు తెలిసిన మన పిల్లలకు ఈ పనిలో ఉన్న సదుపాయం ఇదే.

చివరగా కొందరికి నచ్చని మాట ఒకటి. ఏజెన్సీలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. ఆ రోజు మనవారిలో కొందరు మిఠాయిలు పంచుకున్నారు. నాకు మింగుడుపడలేదు. మన పిల్లవాడికి ఇంటి భాష తెలిసిన ఉపాధ్యాయుడు కావాలని ఉర్దూ బడుల కోసం మనం అర్జీలు పెడుతున్నాం. అదే కోరిక కోయవారిది కాకుండా పోతుందా? నూరు శాతం చెల్లదని న్యాయస్థానం అన్నది, సరే. వారికి న్యాయమైన వాటా దక్కే కొత్త ఏర్పాటు కోసం వారు అడుగుతుంటే మనం పక్కన నిలబడాలి. అంతదాకా మనలో ఎవరికైనా దుమ్ముగూడెం అవతల పోస్టింగు వస్తే, వెళ్లేముందు కోయ నేర్చుకోండి. మా నాన్న గాజులు అమ్మడానికి నేర్చుకున్నారు. పాఠం చెప్పడానికి మనం నేర్చుకోలేమా?

అసర్ నమాజు తరువాత మళ్లీ ఇక్కడికే వస్తాను. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం తెచ్చుకున్నవారు ఆగండి. మూడూ పక్కపక్కన పెట్టి, పేర్లు కలుస్తున్నాయో లేదో ఒక్కొక్కరివీ చూద్దాం. ఆడపిల్లలవి ముందు.