మెట్రో దిగాక ఇంటిదాకా

నగర రవాణా బాగుండాలంటే ఒక బండి దిగినవాళ్లకు ఇంకో బండి వెంటనే అందాలి. హైదరాబాద్‌లో 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాయి. మెట్రో ఇప్పుడు మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లు నడుస్తోంది. మియాపూర్‌లో ఎక్కినవాళ్లు అమీర్‌పేటలో దిగి, రోడ్డు మీదికి రాకుండానే రాయదుర్గం రైలు పట్టుకోవచ్చు. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దగ్గర మెట్రో దిగితే జిల్లాల బస్సులు పక్కనే ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ఛార్జీ లేదు.

ఇక తీరాల్సిన లోటు స్టేషన్ మెట్ల దగ్గరే మొదలవుతుంది. అక్కడి నుంచి కాలనీలోకి చిన్న బస్సులు తిరగాలి. ఫుట్‌పాత్‌ల మీద బండ్లు, అంగళ్లు అడ్డుండకూడదు. పెద్దవాళ్లు, చంటిబిడ్డల తల్లులు భయం లేకుండా రోడ్డు దాటగలగాలి. ఆ చివరి కిలోమీటరు బాగుపడితేనే జనం సొంత బండిని ఇంట్లో ఉంచి బయల్దేరతారు.