ఒట్టి యక్షరముల బొమ్మ

ధవళేశ్వరము వాడనగుటచే నేను వరదతోనే ప్రారంభించెదను. గోదావరి పొంగినపుడు లంకలవారును దిగువ గ్రామములవారును మా బారేజి వద్ద నీటిమట్టమెంత యని యడుగుదురు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ వార్తలో విశేషణము లేదు, ఉపమానము లేదు. నాలుగంకెలు, నడుమ నొక చుక్క, అంతియే. అయినను దానిని విన్న లంక రైతు కన్నుల యెదుట ఏటిగట్టు, పశువులపాక, అరటితోట, పడవరేవు ఒక్కసారిగా వచ్చి నిలుచును. ఒట్టి గుర్తులు బొమ్మ గట్టుట యనగా నిదియే. అట్టి బొమ్మలను గూర్చియు, వానితో నాకు గలిగిన నష్టమును గూర్చియు నేడు మనవి చేసెదను.

మా నాయనగారు మా యూరి కొండమీద వెలసిన జనార్దనస్వామిపై 38 పద్యములు వ్రాసిరి. అందొకటి నాగబంధము. పామును రేడియోలో జూపుట నాకు సాధ్యము కాదు గనుక, మీ వాకిట మెలికల ముగ్గు వేయు నాడువారి చేతిని తలచుకొనుడు. గీత తన్ను తాను దాటుకొనుచు చుట్టలు చుట్టుకొని పోవును గదా! ఆ గీతయే పాము శరీరము. దాని పొడవున గడులు గీచి, గడికొక యక్షరము చొప్పున పద్యము నింపుదురు. శరీరము శరీరమును దాటిన చోట గడి యొక్కటియే. అందలి యక్షరము పోవునపుడొకసారి, తిరిగి వచ్చునపుడొకసారి చదువబడవలెను. మా నాయనగారి పద్యము ఉత్పలమాల. పాదమునకు 20 చొప్పున 80 అక్షరములు, ముడులు 12, కావున గడులు 68 మాత్రమే. పండ్రెండక్షరములు రెండేసి మారులు కొలువు చేయుచున్నవన్నమాట.

ఇట్టి విద్య మనవారికి క్రొత్తది కాదు. మాఘుడు శిశుపాలవధమున పందొమ్మిదవ సర్గలో సర్వతోభద్రమును గట్టెను. అది చదరంగపు బల్లవలె 64 గడులు. అడ్డముగా జదివినను, నిలువుగా జదివినను, వెనుకనుండి జదివినను ఆ శ్లోకమే వచ్చును. తెనుగున నంది తిమ్మన పారిజాతాపహరణపు చివరి యాశ్వాసములో చిత్రకవిత్వము చూపినాడు. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము బంధములకు పుట్టినిల్లు. అయినను అలంకారశాస్త్రము వీనిని మెచ్చలేదు. మమ్మటుడు కావ్యప్రకాశమున చిత్రకావ్యమును అధమస్థానమున గూర్చుండబెట్టెను. నేనును ముప్పదేండ్లు తరగతిలో ఆ మాటయే బోధించితిని. మా నాయనగారు బల్లపై కాగితము పరచి గడులు గీచుచుండగా, 'ఇది కవిత్వమా, గారడియా?' యని యొకనాడు వారి ముఖముననే యంటిని. వారు నవ్వి యూరకుండిరి. ఆ నవ్వు నాకిప్పటికిని గ్రుచ్చుకొనుచున్నది.

1986 ఆగస్టులో మహావరద వచ్చినపుడు, ధవళేశ్వరము దాటి సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రమునకు పోయినపుడు, ఆ పద్యముల పుస్తకము అటకమీద నుండుటచే బ్రతికినది. ఏటినుండి తప్పించుకొన్న దానిని నేనే పోగొట్టితిని. 1999లో నాయనగారు గతించిన పిమ్మట, సంవత్సరీకమునకు పద్యములను అచ్చువేయింపవలెనని యొక డీటీపీ కేంద్రమువారికి మూలప్రతిని ఇచ్చితిని. వారు పద్యములను కంప్యూటరున కెక్కించి, ఒక సీడీని నా చేతబెట్టిరి. డబ్బు చాలక అచ్చు నిలిచిపోయినది. పుస్తకము తిరిగి రాలేదు. ఆ కేంద్రము కొన్నాళ్లకు మూతపడినది. వెంటనే పోయి యడుగక జాగు చేసిన తప్పు నాది. సీడీ యున్నది గదా యను ధీమా!

నేను పదవీవిరమణ చేసిన తరువాత, 2019లో, ఆ సీడీని తెరపించితిని. శ్రీకారముండవలసిన చోట డాలరు గుర్తు, కుండలీకరణములు, ఇంగ్లీషు అక్షరముల ముక్కలు. పాము లేదు, పద్యము లేదు. దానిని చేసిన ప్రోగ్రాము నేటి యంత్రములపై నడువదట. ఆ రాత్రి నేను భోజనము చేయలేదు.

నా పూర్వశిష్యుడొకడు కంప్యూటరు ఉద్యోగము చేయుచు సంక్రాంతికి ఊరికి వచ్చియుండెను. దానిని చూచి, 'మాస్టారండీ, అక్షరాలు పోలేదండి. వేషం మార్చుకున్నాయంతే' అన్నాడు. వాడు చెప్పిన రహస్యమును మీకు విన్నవించెదను.

యంత్రమునకు అక్షరము తెలియదు, అంకెయే తెలియును. 1960లలో అమెరికావారు ఆస్కీ యను పట్టికను ఏర్పరచిరి. 128 స్థానములు, పెద్ద ఏ అక్షరమునకు 65, చిన్నదానికి 97, ఈ విధముగా. అందు కంటికి గనబడునవియు ఖాళీజాగాయు కలిసి 95. తక్కినవి యంత్రమునకిచ్చు ఆజ్ఞలు. అందు మన అకారమునకు చోటు లేదు. అందుచేత డీటీపీ వారు యుక్తి పన్నిరి. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను, అనగా నొకచోట తలకట్టును, మరియొకచోట గుడిని, ఇంకొకచోట వత్తును గూర్చుండబెట్టిరి. ఆ ఫాంటున్నంతకాలము అది తెలుగు. అది లేనినాడు వట్టి పిచ్చివ్రాత. ఇంటివారి పేరున గాక పొరుగువారి పేరున దస్తావేజు వ్రాయించుకొన్నట్లు! 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో గాని మన లిపికి సొంత పట్టా రాలేదు. 3072 మొదలు 3199 వరకు గల స్థానములు తెలుగువి, అకారము 3077.

ఈ నడుమ విదేశములందలి మనవారు ఊరక కూర్చుండలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న తెలుగు యువకులు, 1990ల తొలినాళ్ళలో, ఆ ఆస్కీ గుర్తులతోనే తెలుగును వ్రాయు పద్ధతి నొకదానిని కల్పించిరి. చిన్న టీ వ్రాసిన తకారము, పెద్ద టీ వ్రాసిన టకారము. చిన్న ఎల్ లకారము, పెద్ద ఎల్ ళకారము. చూచుటకు అందము లేదు, నాకు మొదట కోపము కూడ వచ్చినది. కాని యాలోచింపుడు: ఆ పద్ధతిలో నాడు వ్రాసిపెట్టిన పద్యము ఏ యంత్రముపై నైనను నేటికిని తెరచుకొనును. నా సీడీ తెరచుకొనలేదు. అందము కొరకు పోయినవాడను నేను. అక్షరము కొరకు పోయినవారు వారు.

మా శిష్యుడు పని మొదలుపెట్టెను. వాని పనిముట్లు చిన్నవి, పాతవి. గ్రెప్ అనునది 1973 నాటిది. వేయి పుటలలో కోరిన మాట యెక్కడెక్కడ నున్నదో వెదకి పట్టియిచ్చును. సెడ్ అనునది పంక్తివెంబడి పంక్తి చదువుచు, చెప్పిన దిద్దుబాటును చేసికొనుచు పోవును. రెండును ఒట్టి యక్షరములు తప్ప మరేమియు నెరుగవు. ఏ ఇంగ్లీషు గుర్తు ఏ తెలుగు ముక్కకు మారువేషమో పట్టిక వ్రాయుట నా వంతు, దానిని వానికి బోధించుట వాని వంతు. పదునొకండు దినములు కూర్చుంటిమి.

నడుమ విశ్రాంతికై వాడు తెరపై బొమ్మలు చూపెను. గీతలు, చుక్కలు, కుండలీకరణములు పేర్చి చేసిన పిల్లి, పడవ, తాటిచెట్టు. 1982లో స్కాట్ ఫాల్మన్ అను ఆచార్యుడు రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణము వరుసగా వ్రాసి, ప్రక్కకు తల వంచి చూడుడు, నవ్వుమొగమగును అన్నాడట. నేను తల వంచి చూచితిని, నవ్వినది. నాకు మా నాయనగారి నవ్వు స్ఫురించినది.

'తెలుగు అక్షరములతో ఇట్టి బొమ్మ వేయరాదా?' యని యడిగితిని. వాడు తల యడ్డముగా నూపెను. ఆ బొమ్మలకు అక్షరములన్నియు ఒకే వెడల్పున నుండవలెను. మన ర కారమెక్కడ, శ్రీకారమెక్కడ! అంతేకాదు. 'వికటకవి' యను మాటను యంత్రముచేత వెనుకనుండి వ్రాయించెను. తెనాలి రామలింగని బిరుదు ఎటు చదివినను ఒకటే యని చిన్నపిల్లలును ఎరుగుదురు. యంత్రము మాత్రము 'వకటకివ' యని వ్రాసి, ముందొక గుడిని అనాథగా వ్రేలాడదీసినది! ఏలయన దాని లెక్కలో 'వి' ఒకటి కాదు, వకారమును గుడియు రెండు. శ్రీ యనగా నాలుగు: శకారము, పొల్లు, రకారము, దీర్ఘము. మన కవి గడి వేరు, యంత్రపు గడి వేరు. మాఘుని కాలమునుండి మనవారు అక్షరమొక్కటిగా గడిలో పెట్టుచుండిరి. ఆ మాటను ఇప్పుడు యంత్రమునకు వేరుగ నేర్పవలసి వచ్చుచున్నది. ఈ విషయమున నా పక్షపాతమును దాచుకొనను.

తుదకు 38 పద్యములును తెలుగున లేచి కూర్చున్నవి. నాగబంధపు పటము మాత్రము లేదు; అది వేరొక ఫైలట, అది చచ్చినదట. పద్యములోనైనను ఏడుచోట్ల అక్షరము రాలిపోయినది. ఎన్నడో ఒక యంత్రమునుండి మరియొక దానికి పంపునపుడు కొన్ని గుర్తులు జారిపోవునట. నేను పెన్సిలు పట్టి కూర్చుంటిని. ఒకటి ప్రాసాక్షరము, మూడు పాదములు సాక్ష్యమిచ్చినవి. ఒకటి పదవ స్థానము. యతి పట్టి యిచ్చినది. తక్కిన వానిలో నాలుగు ఎట్లు దొరకినవని యనుకొనుచున్నారు? అవి ముడులమీదివి! ఒకచోట చెడినను, పాము మరల దాటిన చోట ఆ యక్షరమే చెక్కుచెదరక యున్నది. శిష్యుడు లేచి నిలుచుండి చెప్పెను: పూర్వము యంత్రములు ఏడు గడుల అక్షరమునకు ఎనిమిదవ గడిని చేర్చి, సరి బేసి లెక్కచే దారిలో తప్పు పడినదా యని కనిపెట్టెడివట. అది తప్పున్నదని మాత్రమే చెప్పును. మా నాయనగారి పాము ఒప్పేదో కూడ చెప్పినది.

పటమును గూడ మరల గీచితిమి. రెండుమారులు వచ్చు అక్షరములను జతపరచుకొనుచు పోగా చుట్టలు తమంత తామే ఏర్పడినవి. వారు గీచిన వంపులు ఇవియే యని చెప్పజాలను; ముడులు మాత్రము వారివే. గారడి యని నేను తీసివేసినదియే, కావ్యమును కాచినది. శిష్యుడు పద్యములన్నిటిని ఏ ఫాంటునకును బందీ కాని ఒట్టి పాఠముగా వ్రాసి మూడుచోట్ల దాచెను. నేను కాగితముమీద కూడ వ్రాసికొంటిని. ఒక్కదానిని నమ్ము వయస్సు దాటిపోయినది.

ఏడవ యక్షరము మిగిలినది. మూడవ పాదమున పదునాల్గవది. లఘువని గణము చెప్పుచున్నది. యతిస్థానము కాదు, ముడి కాదు. దానికి ముందు 'నా', వెనుక 'తి'. స్వామిని నా గతి యనిరో, నా మతి యనిరో! రెండును పొసగును. నాకు తోచినది పెట్టుటకు చేయి రాలేదు; ఆ గడిని ఖాళీగ నుంచితిని.

ఆ పుస్తకము నీలపు గుడ్డ అట్టది, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. మొదటి పుటలో శ్రీజనార్దనాయ నమః యని యెర్రసిరాతో నుండును. ఈ ప్రాంతమున ఎవరి యింటనైనను, పాతకాగితముల కట్టలోనైనను అది కనబడినచో, పాము బొమ్మ గల పుటను తీసి, తోకకు చేరువ నున్న చుట్టలో 'నా' తరువాతి గడిని చూడుడు. అందు గకారమున్నదో మకారమున్నదో ఒక కార్డుముక్కపై వ్రాసి ఈ రేడియో స్టేషనునకు పంపుడు.