ఎ.సి.కి కూడ ఉగాది స్నానము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణము, కవి సమ్మేళనము ఉండగా నడుమ ఈ ఎ.సి. యంత్రము మాటేమిటని మీలో కొందరికి తోచవచ్చును. కార్యదర్శిగారు ఈ విషయము నాకు అప్పగించినప్పుడు నాకూ అట్లే తోచినది. కాని ఆలోచించగా ఇంతకంటె తగిన సమయము లేదనిపించినది. పండుగ వస్తున్నదనగానే బూజు దులుపుతాము, గడపలు కడుగుతాము, అటకమీది సామాను దింపి తుడుస్తాము. గోడమీది ఎ.సి.ని మాత్రము పైపైన గుడ్డతో తుడిచి ఊరుకుంటాము. ఇక్కడ మన చెన్నపట్నములో మే నెల మొదటి వారములో అగ్నినక్షత్రము ప్రవేశిస్తుంది. అది ముగిసే లోపలే మన రోహిణి కార్తె వస్తుంది. ఆ ఎండలలో యంత్రము మొరాయిస్తే మెకానిక్కు కోసము రోజుల తరబడి ఎదురుచూడవలెను. ఇంట వృద్ధులు, పసిపిల్లలు ఉన్నవారికి అది చిన్న కష్టము కాదు.

ముందుగా ఈ యంత్రము చేసే పని ఏమిటో చూతము. అది చలువను తయారుచేస్తుందని అనుకుంటాము. అది పొరపాటు. గదిలోని వేడిని మోసుకొనిపోయి బయట పారబోయడమే దాని పని. లోపలి పెట్టెలో చల్లని గొట్టాలు, వాటిని అంటిపెట్టుకొని పలుచని అల్యూమినియం రేకులు ఉంటవి. గదిలోని గాలి వాటి మధ్యగా పోతూ తన వేడిని, తేమను అక్కడ వదులుతుంది. గొట్టాలలోని గ్యాసు ఆ వేడిని తీసుకొనిపోగా, బయటి పెట్టెలోని ఫ్యాను దానిని వీధిలోకి విసురుతుంది. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు ఇటువంటి ఏర్పాటును మొదట రూపొందించినది మనుషుల సుఖము కోసము కాదు. ఒక అచ్చు కార్యాలయములో కాగితాలు తేమకు పాడుకాకుండ ఉండుటకు. ఇక ‘టన్ను’ అనే మాట ఐసుగడ్డల నుండి వచ్చినది. ఒక టన్ను ఐసు 24 గంటలలో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని ఆ యంత్రము రోజుకు తొలగించగలదని అర్థము. ఇంత మోత మోసేదానికి దారిలో అడ్డు లేకుండ చూచుటయే మనము చేయవలసిన సేవ. ఆ అడ్డు పేరు దుమ్ము.

మొదటిది ఫిల్టరు, అనగా లోపలి జాలీ. స్విచ్చి ఆపి, ముందు మూత పైకెత్తితే జాలీలు చేతికి వస్తవి. వేసవిలో రెండు వారాలకొకసారి వాటిని కుళాయి నీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టవలెను. వేడినీరు పోయరాదు, ఎండలో ఉంచరాదు, వంకరపోతవి. ఇది పది నిమిషాల పని. దీనికి మెకానిక్కు అక్కరలేదు. జాలీ మూసుకొనిపోతే గాలి చాలక గొట్టాలమీద మంచు పేరుకుంటుంది. గది చల్లబడదు, కరెంటు మీటరు మాత్రము తిరుగుతూనే ఉంటుంది.

రెండవది నీరు. మనది సముద్రతీరము గనుక గాలిలో తేమ ఎక్కువ. యంత్రము నుండి పడే నీరూ ఎక్కువే. ఆ నీరు పోయే గొట్టములో జిగురు, మురికి పేరుకుంటే అది గోడవెంట కారుతుంది. ఏటా ఒకసారి ఆ గొట్టము శుభ్రము చేయించండి. నీటిని బకెట్టులో పట్టేవారు రోజూ మొక్కలకు పోసివేయండి. నిలవ ఉంచితే డెంగ్యూ దోమకు పుట్టిల్లు అవుతుంది. చూచుటకు తేటగా ఉన్నా అది తాగే నీరు కాదు.

మూడవది బయటి పెట్టె. దీనిని మనము చూడము, కాని భారమంతా దానిదే. ఉప్పుగాలి దాని రేకులను తినివేస్తుంది, పావురాలు దాని వెనుక గూళ్లు పెడతవి. దాని చుట్టూ పాత సామాను పేర్చరాదు. ఏటా వేసవికి ముందు మెకానిక్కుచేత కడిగించవలెను. లోపలి మూతలు మనము విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్లగ్గు వేడెక్కినా, నల్లబడినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపివేయండి.

ఇక గ్యాసు సంగతి. మా ఇంట వరుసగా రెండు వేసవులు ‘గ్యాసు అయిపోయింది’ అని చెప్పి డబ్బు పుచ్చుకొని నింపిపోయినారు. మూడవ ఏట వచ్చిన పెద్దాయన ఏమీ నింపకముందే బయటి పెట్టె దగ్గర గొట్టాల అతుకుకు సబ్బునురుగు పూసినాడు. బుడగలు లేచినవి. అతుకు సరిచేసి, అప్పుడు గ్యాసు నింపినాడు. మళ్లీ ఆ అవసరము రాలేదు. గ్యాసు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరిగి తిరిగి వచ్చేది. తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. కనుక ‘ముందు ఎక్కడ కారుతున్నదో చూపించు నాయనా’ అని అడగండి. ఇప్పటి యంత్రాలలో చాలవాటిలో ఉండే ఆర్-32 గ్యాసుకు కొంత మండే గుణమున్నది. కొన్నిటిలోని ఆర్-290 అంటే ప్రొపేను, అది బాగా మండుతుంది. పని తెలిసినవానినే పిలవండి; ఆ దరిదాపుల బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు.

కరెంటు ఆదాకు ఒక మాట. 2020 జనవరి 1 నుండి మన దేశములో స్టారు గుర్తుతో అమ్మే గది ఎ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు నియమము వచ్చినది. 18కి దించితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడము భ్రమ. 24 ఉంచి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే చాలును.

చివరిగా యంత్రము మాట కాదు, మనిషి మాట. మూడవ అంతస్తులో కిటికీ బయట జానెడు సజ్జామీద నిలబడి, ఒక చేత్తో చువ్వ పట్టుకొని, రెండవ చేత్తో ఆ పెట్టె కడిగే పిల్లవానిని ఎన్నడైనా చూచినారా? నేను లోపల కాఫీ గ్లాసుతో నిలబడి చూచినాను. ఆ కాఫీ గొంతు దిగలేదు. నడుముకు తాడు, బెల్టు తెచ్చుకోమని ముందే చెప్పండి. తేకపోతే ఆనాడు పని వద్దనండి. క్రొత్తగా బిగించేవారు పెట్టెను బాల్కనీలో, మనిషి రెండు కాళ్లమీద నిలబడగల చోట పెట్టించండి. మన తాతలు పొట్ట చేతపట్టుకొని ఈ పట్నము వచ్చినట్లే అతడూ ఏ ఊరినుండో వచ్చినవాడే. మన గది చల్లదనము కోసము ఒక తల్లి కడుపు మండరాదు.

ఈ ఉగాదికి మీరు తలంటు పోసుకొనేముందు ఆ రెండు జాలీలకూ స్నానము చేయించండి. వేసవి మీకందరికీ చల్లగా గడుచుగాక!