జీపుకు ఇంజను మార్చాం, కాగితం మార్చలేదు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకన్నా ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పమన్నారు. నేనొక జీపు గురించి చెబుతాను. గుమాస్తాకు జీపుతో ఏం పని అని నవ్వకండి. ముప్పై ఏడేళ్ల సర్వీసులో నేను జీపు ఎక్కింది తక్కువ, దాని లాగ్ బుక్ రాసింది ఎక్కువ.

1971లో తూర్పు గోదావరి ఏజెన్సీలో ఒక పంచాయతీ సమితి ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. ఆఫీసుకు ఒక విల్లీస్ జీపు ఉండేది. మహీంద్రా వారి సి.జె.3బి. ఆ బండి బానెట్టు ఎత్తుగా ఉంటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. లోపలున్న హరికేన్ పెట్రోలు ఇంజను పొడుగు మనిషి. అందుకని బానెట్టు పైకి లేపారు. 2,199 సి.సి. ఇంజను. వానాకాలం రంపచోడవరం దాటి బురదలో దిగబడితే డ్రైవరు ఫోర్ వీల్ లివరు వేసేవాడు, బండి దున్నపోతులా బయటికి వచ్చేసేది. దాహం మాత్రం ఏనుగు దాహం. నా లాగ్ బుక్ లెక్కలో కొండదారిన లీటరుకు ఆరు కిలోమీటర్లు దాటిన రోజు లేదు. 1973 చివర చమురు సంక్షోభం వచ్చాక పెట్రోలు ఇండెంటు మీద సంతకం పెట్టేటప్పుడు బి.డి.ఓ. గారు నా వైపు చూసే చూపు ఇప్పటికీ గుర్తు.

1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. రెండేళ్లకు ఆ జీపును కండెమ్ చేసి వేలం వేశారు. వేలంలో పాడుకున్నది మా బావమరిది. చిన్నచిన్న కల్వర్టు పనులు చేయించేవాడు. పెట్రోలు పోయలేక రెండేళ్లు అవస్థపడి, 1990లో డీజిలు ఇంజను వేయిద్దామన్నాడు. అప్పుడు డీజిలు ధర పెట్రోలు ధరలో సగానికి అటూ ఇటూగా ఉండేది.

నేను మూడు రోజులు సెలవు పెట్టి అతనితో విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అప్పటి మహీంద్రా డీజిలు జీపుల్లో వచ్చే ప్యూజో ఇంజను ఒకటి సెకండ్‌హ్యాండులో దొరికింది. పేరు ఎక్స్‌డీపీ 4.90. అంటే నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వెడల్పు అని మేస్త్రీ చెప్పాడు. చదువు అయిదో తరగతి. పని మాత్రం ఇంజనీరుది.

పాత ఇంజను దింపడం ఒక పూట పని. కొత్తది కూర్చోబెట్టడమే అసలు పని. ఇంజను వెనక బోల్టు రంధ్రాలకూ గేరు బాక్సు ముందు రంధ్రాలకూ పొత్తు కుదరదు. మధ్యన ఒక ఇనుప పలక లేత్ మీద తీయించి రెంటినీ కలపాలి. ఇంజను ఇరుసూ గేరు బాక్సు ఇరుసూ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ ప్లేటు, బేరింగు నెలల్లో అరిగిపోతాయి. మేస్త్రీ ఆ కొలత ఒక్కటే నాలుగుసార్లు చూశాడు.

డీజిలు ఇంజను దడ ఎక్కువ. ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్లు వెల్డు చేసి రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టాడు. ముందు కమాన్లకు ఒక్కో పట్టీ ఎక్కించాడు. ఫోర్ వీల్ బండికి ముందు చక్రాలకూ డిఫరెన్షియల్ ఉంటుంది. గోతిలో పడి కమాను నొక్కుకుంటే అది పైకి లేచి ఇంజను అడుగున ఆయిలు సంపుకు కొట్టుకోకూడదు. మనుషుల్ని ఎక్కించి, కుదిపి, సందు చూశాడు. డీజిలు ఇంజను గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కుతుంది కనుక దాన్ని తిప్పడానికి పెద్ద బ్యాటరీ కావాలి. కాయిలు, స్పార్కు ప్లగ్గులు పోయి హీటరు ప్లగ్గులు వచ్చాయి. ఆపడానికి డీజిలు కట్ చేసే కేబులు వచ్చింది.

ఒక్కటి మిగిలింది. వైపరు. ఆ పాత జీపులో వైపరు కరెంటుతో కాదు, పెట్రోలు ఇంజను పీల్చే పీల్పుతో ఆడేది. డీజిలు ఇంజనుకు ఆ పీల్పు ఉండదు. కరెంటు మోటారు పెట్టాలి. ఆ రోజు సరైనది దొరకలేదు. "తరవాత వచ్చి వేయించుకోండి" అన్నాడు మేస్త్రీ.

ఇంకోటి కూడా మిగిలింది. అది నా వంతు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇలాంటి మార్పుకు ముందే అనుమతి తీసుకోవాలి. ఇంజను కొన్న రసీదు జతచేసి, ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి, ఆర్.సి.లో కొత్త ఇంజను నంబరు, డీజిలు అనే మాట ఎక్కించుకోవాలి. తరవాత బీమా పాలసీలో మార్పించాలి. "కాగితాల సంగతి మీరు చూసుకోండి బావగారూ" అని దరఖాస్తు మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. అనుమతి లేకుండానే పని మొదలైపోయింది, కనీసం వెంటనే వెళ్లి చెప్పుకోవలసింది. ఆడిట్ వచ్చింది. ఎన్యూమరేషన్ వచ్చింది. ఆ దరఖాస్తు ఏడు నెలలు నా టేబులు సొరుగులో ఉంది.

1991 జూలైలో మారేడుమిల్లి ఘాటులో సాయంత్రం జోరువాన. వైపరు లేదు. చేత్తో అద్దం తుడుచుకుంటూ వచ్చి మలుపు కానక జీపు లోయ వైపు ఒరిగి పల్టీ కొట్టింది. కాలు రెండుచోట్ల విరిగింది. ప్రాణం దక్కింది. బండి దెబ్బకు బీమా అడిగితే రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. పాలసీలో ఉన్న ఇంజను నంబరు, బండిలో ఉన్న ఇంజను నంబరు ఒకటి కావు, కనుక క్లెయిము తిరస్కరించడమైనది. ఆ ఉత్తరంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. నేనే ఆ సీట్లో ఉంటే అదే రాసేవాణ్ణి. సర్వీసంతా ఎంతమంది ఫైళ్లు "కాగితం జతపరచలేదు" అని వెనక్కి పంపాను!

ఆస్పత్రికి, బండికి అర ఎకరం మాగాణి అమ్మాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలెండి బావగారూ, మీకు ఆఫీసులో పని ఎక్కువ" అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణి.

తరవాత నేనే నాలుగుసార్లు తిరిగి, తనిఖీ చేయించి, ఎండార్స్‌మెంటు వేయించాను. వైపరు మోటారు కూడా పెట్టించాం. ఆ జీపు మరో పదిహేనేళ్లు లీటరుకు పదకొండు కిలోమీటర్ల చొప్పున తిరిగింది. ఇంజను ఏనాడూ మొండికేయలేదు. మేస్త్రీ తన పని తాను చేశాడు.

పాత జీపుల మీద మోజున్న మనవలు మీ ఇళ్లలోనూ ఉంటారు. వాళ్లకు చెప్పండి. 2000లో 52వ సెక్షను సవరించాక, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం అనుమతించిన మార్పయినా ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి, ఆ తరవాతే స్పానరు పట్టుకోమనండి.

మనకూ ఒక మాట. మీ పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఆ కాగితం ఇంట్లో ఎక్కడుందో ఆమెకు తెలుసా? తేడా ఉంటే సరిచేయించడానికి మనం బతికుండగా రెండు మూడు ప్రయాణాలు చాలు. మనం పోయాక ఆమె ఎన్ని మెట్లు ఎక్కాలో, సీట్లలో కూర్చుని వచ్చిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. రేపు చూద్దామని సొరుగులో పెట్టకండి. ఇంటికి వెళ్లగానే తీసి చూడండి.