శిశువులకు చెట్టునీడ



మన విద్యార్థి వసతిగృహపు ఆవరణములో, మూడేండ్లు మొదలు ఆరేండ్ల లోపు బిడ్డలకు శిశువిహారము నెలకొల్పవలయునని నిరుటి మహాసభ తీర్మానించినది. దాతలు ధనమొసంగిరి, కట్టడపు పటమును సిద్ధమయ్యెను. అందు గదులు నాలుగు, తక్కిన నేలయంతయు నాపరాళ్ల పరుపు. వాహనములు నిలుపుటకై వేపచెట్టును కొట్టవలసియున్నదట. ఈ యొక్క విషయమును గూర్చియే మేము మనవి చేయ నిలిచితిమి.

మూడేండ్ల బిడ్డ పలకపై నేర్చుదానికంటె నేలపై నేర్చునదే యెక్కువ. చింతపిక్కలు పంచుకొనునపుడు లెక్క వచ్చును. తడియిసుకలో పిచ్చుకగూడు కట్టి, అది కూలకుండ పాదమును మెల్లగా వెలికిదీయుటలో ఓర్పు అలవడును. తొలకరికి ఆరుద్రపురుగు లెక్కడనుండి వచ్చె ననియు, అత్తిపత్తి యేల ముడుచుకొనె ననియు నడుగును. సమాధానము మనకును తెలియకపోవచ్చును. అడుగుట మేలే కదా!

ఇది క్రొత్తమాట కాదు. జర్మనీలో ఫ్రోబెల్ పండితుడు 1840లో తన బడికి 'శిశువుల తోట' యను నర్థము వచ్చు పేరు పెట్టి, బిడ్డలచేత మళ్లు సాగుచేయించెను. మన దేశమున తారాబాయి మోడక్ గారు 1945లో, నేటి మహారాష్ట్రములోని బోర్డీ గ్రామమున బాలవాడి ప్రారంభించిరి. బీదల బిడ్డలు బడికి రాకపోగా బడినే వారి ముంగిళ్లకు కొనిపోయిరి. వెలగల పరికరములకు మారుగా గులకరాళ్లు, గవ్వలు, ఆకులు, గింజలు వాడిరి. అంగన్‌వాడి యను పేరు ఆ ముంగిలినుండి పుట్టినదే. నేడు పెక్కుచోట్ల పేరు మిగిలినది గాని ముంగిలి లేదు.

ఆరోగ్యదృష్టితో చూచినను ఇదియే యుక్తము. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఆరేండ్ల పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట నుంచిరి. మూడేండ్లలో వారియందు క్రొత్తగా హ్రస్వదృష్టి కలిగినవారు నూటికి సుమారు 30 మంది; తక్కిన బడులలో సుమారు 40 మంది. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి.

ఎండ తగులును, తేలు కుట్టును, బట్టలు మాయునని తల్లులు జంకుచున్నారు. ఈ భయములు అసత్యములు కావు. నూతికి గట్టి మూత వేయింతము, గాజుపెంకు లేరింతము, పొదలు కొట్టింతము. వేసవిలో ప్రొద్దుటి పూటనే ఆటలు ముగింతము. కనిపెట్టియుండుటకు ఒక ఆయాను నియమింతము. మాసిన బట్టలకు మాత్రము మాయొద్ద మందు లేదు!

నాపరాళ్లకై కేటాయించిన సొమ్ములో కొంత ఇసుకకును, నీటితొట్టికిని, చిన్న పూలమళ్లకును చాలును. వాహనములను వీధిగోడ వెలుపల నిలుపవచ్చును. సభానంతరము పటమును బల్లపై నుంచెదము. వేపచెట్టున్నచోట గీసిన యెఱ్ఱగీతను చూచి, మీ యభిప్రాయమును నేటి సాయంకాలములోగా కార్యదర్శిగారికి తెలుపవలయునని ప్రార్థించుచున్నాము.